మసకవెలుతురు పదాలు: ఇంగ్లీషులో వాచ్యార్థం, లక్ష్యార్థం

నిర్వచనం, పరిధి

పట్టపగటి వెలుగుకూ కటిక చీకటికీ నడుమ ఉండే కాంతిని చెప్పే ఇంగ్లీషు మాటల సముదాయమే ఈ వ్యాసానికి విషయం. గ్లిమ్మర్, గ్లీమ్, గ్లింట్, గ్లో, ఫ్లికర్, ట్వింకిల్ వంటి పాత దేశి పదాలు, ట్వైలైట్, డస్క్, గ్లోమింగ్ వంటి సంధ్యావాచకాలు, ఎంబర్, స్పార్క్ వంటి నిప్పు మాటలు, లాటిన్ నుంచి తెచ్చుకున్న సింటిల్లా, పెనంబ్రా, చంద్రుడి పేరుతోనో దీపం పేరుతోనో ఏర్పడిన మూన్‌షైన్, గ్యాస్‌లైట్ వంటి సమాసాలు ఇందులోకి వస్తాయి. పీటర్ మార్క్ రోజె 1852లో అచ్చువేసిన థెసారస్‌లో వెలుతురుకూ చీకటికీ వేర్వేరు శీర్షికలు పెట్టి, వాటి తర్వాత మసకకు మరో శీర్షిక కేటాయించాడు. వీటిని విడి వర్గంగా చూడటం అప్పటి నుంచీ ఉన్నదే.

ఈ మాటలన్నిటికీ ‘కొద్దిపాటి వెలుతురు’ అన్న అర్థం ఉమ్మడిగా ఉంది. కనుక లక్ష్యార్థంలోనూ అవి కొద్దిపాటితనాన్నే చెబుతాయని, అంటే కొద్ది ఆశ, కొద్ది తెలివి, కొద్ది సాక్ష్యం అని, అనుకోవడం సహజం. ప్రయోగాలను వర్గాల వారీగా పరిశీలిస్తే ఆ అంచనా చాలా చోట్ల తప్పుతుంది. వాచ్యార్థం నుంచి లక్ష్యార్థంలోకి ప్రధానంగా దాటేది వెలుతురు నడత. అది నిలకడగా ఉందా ఊగుతోందా, సొంత వెలుగా ప్రతిఫలించిన వెలుగా, పెరుగుతోందా తరుగుతోందా, చూసేవాడికి రూఢిగా కనిపిస్తోందా లేదా అన్న నాలుగు అంశాలే ఏ మాట ఏ భావానికి అతుకుతుందో నిర్ణయిస్తున్నాయి. మన అలంకారశాస్త్రం లక్షణను రెండుగా విడదీస్తుంది. పోలిక వల్ల వచ్చేది గౌణి, ఇతర సంబంధాల వల్ల వచ్చేది శుద్ధ. ఈ విభజన ఇంగ్లీషు పదాలకూ సరిపోతుంది కాబట్టి వ్యాసంలో అదే వాడటమైంది.

చరిత్ర

పాత మాటల చరిత్రలో మొదట కనిపించే విశేషం ఏమిటంటే, వాటిలో కొన్ని పుట్టినప్పుడు మసకను చెప్పినవి కావు. గ్లీమ్‌కు మూలమైన ప్రాచీన ఇంగ్లీషు పదం దేదీప్యమైన కాంతిని చెప్పేది. 14వ శతాబ్ది చివర గ్లిమ్మర్‌కు ఉన్న అర్థం బాగా ప్రకాశించడమే. మరుసటి శతాబ్దానికి అది మందంగా వెలగడంగా మారింది. రెండు మాటల్లోనూ వెలుతురు పరిమాణం తగ్గిపోయింది. ఆగి ఆగి, క్షణికంగా కనిపించడమన్న లక్షణం నిలిచింది. ఫ్లికర్ ఇంకా దూరం నుంచి వచ్చింది. ప్రాచీన ఇంగ్లీషులో అది పక్షి రెక్కలు టపటపలాడించడం. 1600 ప్రాంతంలో గాని దీపశిఖకు వర్తించలేదు. గ్లింట్‌కు పూర్వరూపమైన స్కాండినేవియన్ మూలపు మాట చటుక్కున పక్కకు కదలడాన్ని చెప్పేది. ఈ రెండింటిలో కదలిక ముందు, కాంతి తర్వాత. నడతే ఈ పదాలకు అసలు సరుకన్న వాదానికి ఇది తొలి ఆధారం.

గ్లింప్స్ చరిత్ర మరో దిశలో సాగింది. నామవాచకంగా అది మొదట క్షణకాలపు మసక మెరుపు. షేక్స్పియర్ హామ్లెట్‌లో వెన్నెల విషయంలో దాన్ని ఆ అర్థంలోనే వాడాడు. నేటి వాడుకలో అది పూర్తిగా చూసేవాడి పక్షానికి వచ్చి, అరకొరగా కంటపడిన దృశ్యమైంది. వెలుగును చెప్పే మాట చూపును చెప్పే మాటగా మారిందంటే, ఈ పదాల అర్థంలో చూసేవాడు మొదటి నుంచీ ఒక భాగస్థుడేనని తెలుస్తుంది.

దీనికి ఎదురుగా నడిచిన మాట గ్లూమ్. మధ్య ఇంగ్లీషులో అది మొహం మాడ్చుకోవడం. చీకటి అన్న అర్థం 17వ శతాబ్దిలో, మిల్టన్ కవిత్వంలో కనిపిస్తుంది. ఇక్కడ మనసుకు చెందిన అర్థం ముందుంది, కాంతికి చెందినది వెనక వచ్చింది. మసకవెలుతురు పదాలన్నీ భౌతిక జగత్తు నుంచి మనోజగత్తులోకే ప్రయాణిస్తాయన్న సూత్రానికి ఇది అపవాదం. సంధ్యాకాలపు గ్లోమింగ్ మాత్రం వేరే మాట. అది ప్రాచీన ఇంగ్లీషు నుంచి వచ్చి, స్కాట్లండ్ వాడుకలో నిలిచి, అక్కడి సాహిత్యం ద్వారా తిరిగి సామాన్య ఇంగ్లీషులోకి ప్రవేశించింది.

రకాలు: ఊగే వెలుగు, నిలకడ వెలుగు

గ్లిమ్మర్, ఫ్లికర్ రెండూ నిలకడలేని వెలుగులే అయినా వాటి లక్ష్యార్థాలు ఒకటి కావు. గ్లిమ్మర్‌కు ఆశ, అవగాహన, గుర్తుపట్టడం తోడుగా వస్తాయి. కనిపించీ కనిపించకుండా ఉన్నది, ఉందో లేదో తేల్చుకోవలసింది అని దాని భావం. ఫ్లికర్‌లో ఆ సందేహం ఉండదు. కనిపించింది నిజమే గాని నిలవదు. ఎవరి ముఖంలోనో ఆసక్తి తాలూకు ఫ్లికర్ కనిపించిందంటే అది వచ్చిందీ నిజమే, వెంటనే పోయిందీ నిజమే. బ్రిటిష్ వాడుకలో సినిమాలను ఫ్లిక్స్ అనడానికి కారణం తొలినాటి తెరమీద బొమ్మ అదరడం. ట్వింకిల్‌లో ఊగిసలాట ఉన్నా ఆరిపోతుందన్న భయం లేదు. వాతావరణంలో గాలి పొరల కల్లోలం వల్ల నక్షత్రకాంతి వంగుతూ ఉంటుంది. నక్షత్రం మాత్రం అక్కడే ఉంటుంది. అందుకు తగ్గట్టే ట్వింకిల్ కంటిలోని చిలిపితనానికీ, రెప్పపాటు కాలానికీ స్థిరపడింది గాని సడలిపోతున్న ఆశకు స్థిరపడలేదు.

గ్లో దీనికి పూర్తిగా భిన్నం. మంట లేకుండా, లోపలి వేడితో, ఆగకుండా వెలగడం దాని లక్షణం. ఈ తేడాను ఇంగ్లీషు పురుగుల పేర్లలోనూ పాటించింది. బ్రిటన్ పచ్చికబయళ్లలో రెక్కల్లేని ఆడపురుగు ఒకచోట కూర్చుని ఎడతెగకుండా వెలిగే లాంపిరిస్ నాక్టిల్యూకాను గ్లోవర్మ్ అంటారు. ఎగురుతూ, ఆరుతూ, వెలిగే జాతులను ఫైర్‌ఫ్లై అంటారు. లక్ష్యార్థంలో గ్లో తృప్తికీ, గర్వానికీ, ఆరోగ్యానికీ, నిండుమనసుతో చేసిన ప్రశంసకూ వెళ్లింది. గెలిచిన తర్వాత కొన్నాళ్లు మిగిలే సంతోషాన్ని ఆఫ్టర్‌గ్లో అంటారు. కాంతి పరిమాణాన్నే చూస్తే గ్లో కూడా మందమైన వెలుగే. అయినా దానితో ‘కొద్దిపాటి తృప్తి’ అన్న అర్థం రాదు. పరిమాణమే దాటివచ్చేదైతే గ్లో, గ్లిమ్మర్ ఒకే భావానికి చేరాలి. అవి రెండు ధ్రువాలుగా ఉండటం ఈ వ్యాసంలోని వాదానికి ముఖ్యమైన సాక్ష్యం. ఎంబర్, స్మోల్డర్ అనేవి లోపలి వేడి మిగిలి, పైకి వెలుగు తగ్గిన స్థితులు. అందువల్ల అణగారిన ప్రేమకూ, పగకూ అవి సరిపోతాయి. నివురుగప్పిన నిప్పు అన్న తెలుగు మాట పనిచేసేదీ ఇదే పద్ధతిలో.

రకాలు: ప్రతిఫలించిన వెలుగు

గ్లీమ్, గ్లింట్, గ్లిటర్, షీన్ ఎక్కువగా ఒక ఉపరితలం మీద పడి తిరిగివచ్చిన వెలుగులు. ఉపరితలం అనేసరికి దాని వెనక ఏముందన్న ప్రశ్న వస్తుంది. కంటి మీది గ్లింట్ లోపలి ఉద్దేశాన్ని, తరచుగా కపటాన్ని, పట్టుదలను బయటపెడుతుంది. గ్లీమ్ ఇంకా పుట్టని ఆలోచననూ, పథకాన్నీ సూచిస్తుంది. గ్లిటర్ పైపై మెరుగుగా, మోసంగా మారింది. మెరిసేదంతా బంగారం కాదన్న సామెతను షేక్స్పియర్ వెనిస్ వర్తకుడు నాటకంలో వాడినప్పుడు గ్లిస్టర్ అన్న రూపం రాశాడు. జనవాడుకలో అది గ్లిటర్‌గా స్థిరపడింది. ఈ వర్గంలో కాంతి ఎంత ఉందన్నదానికి దాదాపు పాత్రే లేదు. గ్లిటర్ మసకే కాదు, కళ్లు చెదిరేంతగానూ ఉండవచ్చు. వర్గాన్ని కలిపి ఉంచేది సొంత వెలుగు కాకపోవడం.

రకాలు: సంధ్యావాచకాలు

వాదానికి గట్టి పరీక్ష ఇక్కడ ఎదురవుతుంది. ఖగోళశాస్త్రంలో ట్వైలైట్ ఉదయానికీ సాయంత్రానికీ సమానమైన మాట. సూర్యుడు దిగంతానికి దిగువన 6 డిగ్రీల లోపు ఉంటే పౌర సంధ్య, 12 డిగ్రీల వరకు నావిక సంధ్య, 18 డిగ్రీల వరకు ఖగోళ సంధ్య. కోణం ఒకటే అయితే, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, రెండు పూటలా వెలుతురు ఇంచుమించు సమానం. లక్ష్యార్థంలో మాత్రం ట్వైలైట్ ఒక్క సాయంత్రానికే పోయింది. వృద్ధాప్యం, సామ్రాజ్యాల క్షీణత, ముగిసిపోతున్న వృత్తిజీవితం దాని విషయాలు. ఉదయపు సంధ్య డాన్‌కు దక్కింది. నాగరికత మొదలు కావడం, ఒక విషయం మనసుకు తట్టడం డాన్‌తో చెబుతారు. వెలుతురు సమానమై, దిశ మాత్రమే వేరైనప్పుడు భావాలు ఎదురెదురుగా నిలిచాయి.

ఈ సాయంత్రపు మొగ్గు బలపడటానికి సాహిత్య చరిత్ర కొంత కారణం. నార్స్ పురాణాల్లో దేవతల వినాశనానికి పద్య ఎడ్డాలో ఉన్న పేరుకు ‘దేవతల గతి’ అని అర్థం. స్నోర్రి గద్య ఎడ్డాలోని రూపానికి ‘దేవతల సంధ్య’ అని అర్థం. ఈ రెండో రూపమే జర్మన్‌లోకి వెళ్లి, 1876లో బైరాయిట్‌లో ప్రదర్శించిన వాగ్నర్ సంగీతనాటకానికి పేరైంది. ఇంగ్లీషు దాన్ని ట్వైలైట్‌తో అనువదించుకుంది. 1893లో యేట్స్ ఐర్లండ్ జానపద విశ్వాసాల సంకలనానికి సెల్టిక్ ట్వైలైట్ అని పేరు పెట్టినప్పుడు క్షీణతతో పాటు లోకాల నడిమి సరిహద్దు అన్న భావమూ చేరింది. 1959లో మొదలైన అమెరికా టెలివిజన్ ధారావాహిక ట్వైలైట్ జోన్ ఆ సరిహద్దు భావాన్ని ఇంటింటికీ చేర్చింది. 20వ శతాబ్ది మొదట్లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో స్కోపోలమిన్, మార్ఫిన్ కలిపి ప్రసవాలు చేసిన పద్ధతికి ఇంగ్లీషులో ట్వైలైట్ స్లీప్ అన్న పేరు రావడమూ ఈ నడిమి స్థితి వల్లే.

రకాలు: కణం, అంచు

సింటిల్లా అంటే లాటిన్‌లో నిప్పురవ్వ. ఇంగ్లీషులో 17వ శతాబ్ది చివరికే అది ‘లేశమాత్రం’ అన్న అర్థంలో స్థిరపడింది. న్యాయస్థానాల భాషలో దాని వాడుక ఎక్కువ. 1938లో కన్సాలిడేటెడ్ ఎడిసన్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, తగినంత సాక్ష్యం అనిపించుకోవాలంటే అది సింటిల్లాను మించి ఉండాలని చెప్పింది. పెనంబ్రా మాటను కెప్లర్ 1604లో దృశాశాస్త్ర గ్రంథంలో రూపొందించాడు. గ్రహణ సమయంలో నిండునీడ చుట్టూ ఉండే అరనీడ అది. న్యాయశాస్త్రంలో దాని పని అంచును చెప్పడం. 1958లో హెచ్.ఎల్.ఎ. హార్ట్, చట్టంలోని ప్రతి మాటకూ నిస్సందేహమైన నడిమి అర్థం, దాని చుట్టూ సందేహాస్పదమైన పెనంబ్రా ఉంటాయని వివరించాడు. పార్కులోకి వాహనాలు రాకూడదంటే కారు సంగతి స్పష్టం, పిల్లల బొమ్మకారు సంగతి వివాదాస్పదం అన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణల ధోరణి.

1965లో గ్రిస్‌వోల్డ్ వ్యాజ్యంలో జస్టిస్ విలియం ఒ. డగ్లస్, రాజ్యాంగంలో నేరుగా లేని గోప్యతా హక్కు రాసి ఉన్న హక్కుల పెనంబ్రాల్లో ఉందని తీర్పు రాశాడు. 1975లో గోవింద్ వ్యాజ్యంలో భారత సుప్రీంకోర్టు జస్టిస్ కె.కె. మాథ్యూ ఈ ఆలోచనను పరిశీలించి, మన ప్రాథమిక హక్కులకూ అటువంటి అరనీడ మండలాలు ఉండవచ్చన్న ఊహ మీద చర్చ నడిపారు. 2017లో పుట్టస్వామి వ్యాజ్యంలో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. హార్ట్ పెనంబ్రాను సందేహానికి వాడితే, డగ్లస్ దాన్ని హక్కుల విస్తృతికి వాడారు. మసకను అంచుగా చూడటం మాత్రం ఇద్దరికీ సమానం.

రకాలు: శుద్ధ లక్షణతో వచ్చినవి

కొన్ని మాటల్లో పోలికకు పని లేదు. కాలమో, కథో, సందర్భమో వాటిని లక్ష్యార్థానికి చేర్చింది. మూన్‌షైన్ 15వ శతాబ్దిలోనే నీళ్లలో వెన్నెల అన్న మాట ద్వారా పసలేనితనానికి పేరైంది. 1933లో రూథర్‌ఫర్డ్, పరమాణువుల మార్పిడి నుంచి శక్తిని రాబట్టవచ్చన్న మాటలను మూన్‌షైన్ అని కొట్టిపారేశాడు. ఇది గౌణి. అదే మాట దొంగసారాకు పేరైనప్పుడు కారణం రాత్రి రవాణా. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన వీధిభాషా నిఘంటువు కెంట్, ససెక్స్ తీరాల్లో దొంగతనంగా దించే తెల్ల బ్రాందీకి ఈ పేరు నమోదు చేసింది. ఇది శుద్ధ. మూన్‌లైటింగ్ కూడా అటువంటిదే. 1880ల ఐర్లండ్ భూపోరాటంలో రాత్రిపూట దాడులు చేసినవాళ్లను మూన్‌లైటర్లు అన్నారు. 20వ శతాబ్ది నడుమ అమెరికాలో అది పగటి ఉద్యోగానికి తోడు రహస్యంగా చేసే రెండో పనికి మారింది.

గ్యాస్‌లైటింగ్ పాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన నాటకం నుంచి వచ్చింది. 1940లో బ్రిటన్‌లో, 1944లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ కథానాయికగా అమెరికాలో అది సినిమాగా వచ్చింది. భర్త రాత్రిళ్లు పై అంతస్తులో రహస్యంగా గ్యాస్ దీపం వెలిగించినప్పుడల్లా, కింది గదిలో భార్య దగ్గరున్న దీపం మసకబారుతుంది. ఆమెకు మతి చలిస్తోందని నమ్మించడం భర్త ఎత్తు. ఆమె కంటికి కనిపించిన మసక మాత్రం వాస్తవం. నేడు గ్యాస్‌లైటింగ్ అంటే ఎదుటి మనిషి తన చూపునూ జ్ఞాపకాన్నీ తానే నమ్మలేని స్థితికి తీసుకుపోవడం. 2022లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటు సంస్థ దీన్ని ఆ ఏటి మాటగా ప్రకటించింది. కథ ద్వారా వచ్చిన మాటే అయినా, మసకవెలుతురులో చూసేవాడి నమ్మకం ప్రశ్నార్థకమవుతుందన్న అంశం ఇందులో పూర్తిగా కనిపిస్తుంది.

పనిచేసే తీరు: కన్ను, నమ్మకం

మసకవెలుతురుకూ సందేహానికీ ఉన్న లంకె కేవలం కవుల కల్పన కాదు, కంటి నిర్మాణంలోనూ దానికి ఆధారం ఉంది. వెలుతురు బాగా తగ్గితే కంటిలో రంగులు గుర్తించే శంకు కణాలు పనిచేయవు, దండ కణాలు మాత్రమే పనిచేస్తాయి. చూపు సూటిగా నిలిచే రెటీనా నడిమి గుంటలో దండ కణాలు లేవు. కాబట్టి మందమైన నక్షత్రం వైపు సూటిగా చూస్తే అది మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే మళ్లీ కనిపిస్తుంది. 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ చేసిన ప్రయోగాల ప్రకారం, చీకటికి అలవాటు పడిన కన్ను వెలుగును గుర్తించడానికి దండ కణాలు 5 నుంచి 14 ఫోటాన్లను గ్రహిస్తే చాలు. ఆ స్థాయిలో ఒకే మెరుపును ఒకసారి చూడగలగడం, మరోసారి చూడలేకపోవడం మామూలే. ఉందో లేదో తెలియనిది అన్న గ్లిమ్మర్ భావానికి అనుభవ ప్రాతిపదిక ఇదే. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో, తెలుసుకోవడాన్ని చూడటంగా భావించే అలవాటు భాషలో ఎంత విస్తృతమో చూపారు. మసకను తెలిసీ తెలియని స్థితికి అన్వయించడం ఆ అలవాటులో ఒక భాగం.

ఆక్షేపణలు, సమాధానాలు

మొదటి ఆక్షేపణ ధ్వనికి సంబంధించింది. ఈ మాటల్లో చాలావాటికి మొదట ‘గ్ల’ ధ్వని ఉంది. అర్థాన్ని మోసేది ఆ ధ్వనే గాని వెలుగు నడత కాదని అనవచ్చు. ఆది హల్లుల గుంపులకు అర్థచ్ఛాయ ఉంటుందని జాన్ వాలిస్ 1653లోనే గమనించాడు. జె.ఆర్. ఫర్త్ 1930లో ఇటువంటి ధ్వనులకు ఫోనెస్థీమ్ అని పేరుపెట్టాడు. బెంజమిన్ బెర్గెన్ 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం బ్రౌన్ కార్పస్‌లో ‘గ్ల’తో మొదలయ్యే మాటల్లో దాదాపు 39 శాతం, వాటి ప్రయోగాల్లో దాదాపు 60 శాతం వెలుగుకో చూపుకో చెందినవి. ధ్వని ప్రభావం నిజమేనని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. అయితే ఆ ధ్వని గ్లో, గ్లిమ్మర్, గ్లింట్, గ్లిటర్ నాలుగింటికీ ఒకటే. వాటి లక్ష్యార్థాలు ఎందుకు విడిపోయాయో ధ్వని చెప్పలేదు. పైగా ఫ్లికర్, ట్వైలైట్, పెనంబ్రాలకు ఆ ధ్వనే లేదు.

రెండోది రూఢికి సంబంధించింది. గ్లిమ్మర్ తర్వాత ఆశ అన్న మాట రావడం పత్రికల మూసవాక్యమనీ, రాసేవాళ్లకు వెలుగు గుర్తే ఉండదనీ అనవచ్చు. మన శాస్త్రం రూఢి లక్షణ అన్నది ఇటువంటి ప్రయోగాన్నే. రూఢి అయిన మాట పోలికను గుర్తుచేయకపోవచ్చు గాని, తనకు తగిన తోడు మాటలను మాత్రం వదులుకోదు. రూఢి పూర్తిగా మెరుగు చెరిపేసి ఉంటే గ్లో, గ్లిమ్మర్, ఫ్లికర్ ఒకదాని చోట ఒకటి ఇమడాలి. రోజువారీ రాతల్లో కూడా అవి అలా ఇమడవు.

మూడోది అన్నిటికంటే బరువైనది. సింటిల్లా శుద్ధంగా పరిమాణాన్నే చెబుతుంది, తరచు ‘లేశం కూడా లేదు’ అన్న వ్యతిరేక వాక్యాల్లోనే వస్తుంది. మనిషి తెలివితక్కువతనానికి వాడే డిమ్ కూడా ఎంత వెలుగన్న లెక్కనే చెబుతుంది. ఈ రెండూ వాదానికి లొంగవని ఒప్పుకోవాలి. సింటిల్లా విషయంలో కారణం ఊహించవచ్చు. అది నిప్పు చుట్టూ కూర్చునే జనం నోట పెరగలేదు. పండితుల లాటిన్ నుంచి నేరుగా వచ్చింది. చూడగలిగే నడత ఏదీ దాని వెంట రాలేదు. అదే మూలం నుంచి వచ్చిన క్రియ సింటిలేట్ మాత్రం మిలమిలలాడటాన్ని నిలుపుకుని, చతురమైన సంభాషణకు విశేషణమైంది. దేశి మాటైన స్పార్క్ చిన్నదే అయినా తిరుగుబాటుకు, మంటకు ఆరంభమవుతుంది. డిమ్ విషయం వేరు. అది ఏ ఒక్క వెలుగు పేరూ కాదు, ఏ వెలుగుకైనా తగిలించగల విశేషణం. తనదంటూ నడత లేని మాట పరిమాణాన్నే దాటిస్తుంది. కాబట్టి సూత్రాన్ని ఇలా కుదించాలి: మాటలో నడత ఉన్నంత మేరకు నడతే దాటుతుంది, లేనిచోట పరిమాణం దాటుతుంది.

తెలుగుతో సంబంధం

ఈ పదాల్లో కొన్ని తెలుగు పత్రికల్లోకి యథాతథంగా వచ్చాయి. 2022లో పోటీ సంస్థలకు రహస్యంగా పనిచేస్తున్నారని 300 మందిని తొలగించినట్టు విప్రో ప్రకటించాక, మూన్‌లైటింగ్ ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న హైదరాబాద్ వార్తల్లో మామూలు మాట అయింది. అనువాదంలో పై విభజన ప్రయోజనం తెలుస్తుంది. గ్లిమ్మర్ ఆఫ్ హోప్‌కు వార్తల్లో ఆశాకిరణం అని రాయడం పరిపాటి. కిరణానికి దిశ ఉంది, నిలకడ ఉంది, సందేహం లేదు. ఆశ మినుకుమినుకుమంటోంది అంటే ఊగిసలాట దక్కుతుంది. ట్వైలైట్‌కు సంధ్య సరిపోయినా, తెలుగులో సంధ్య రెండు పూటలకూ చెందే మాటగానే మిగిలింది. వార్ధక్యానికి మలిసంధ్య అని ‘మలి’ చేర్చవలసి రావడం అందుకే. వెంబడిస్తే చిక్కక దారితప్పించే విల్-ఓ-ద-విస్ప్‌కు పల్లెల్లో చెప్పుకునే కొరివిదయ్యం దగ్గరి మాట. ఇంగ్లీషులో అది అందని లక్ష్యానికి పేరైంది. తెలుగులో ఎక్కువగా భయానికే పరిమితమైంది.

ప్రాముఖ్యం

నిఘంటువులకు ఈ వర్గం ఒక పరీక్ష. ‘మందంగా వెలుగు’ అన్న ఒక్క వివరణ కింద ఐదారు మాటలను చేర్చే ద్విభాషా నిఘంటువు పాఠకుడికి వాచ్యార్థం ఇస్తుంది గాని, ఏది ఎక్కడ పనికివస్తుందో చెప్పదు. వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది, నిలుస్తుందా, ఏ దిశకు పోతోంది, చూసేవాడికి ఎంత నమ్మకం అన్న నాలుగు వివరాలు జోడిస్తే లక్ష్యార్థం చాలావరకు దానంతటదే తేలుతుంది. న్యాయరంగంలో ఈ తేడాకు ఆచరణలో విలువ ఉంది. సింటిల్లాను మించిన సాక్ష్యం లేదనడం సాక్ష్యం పరిమాణం మీద తీర్పు. ఒక హక్కు పెనంబ్రాలో ఉందనడం దాని స్థానం మీద తీర్పు. రెండింటినీ ‘మసక’ అని ఒకే గాటన కట్టి అనువదిస్తే మొదటిది బలహీనతగా కాక అస్పష్టతగా, రెండోది విస్తృతిగా కాక బలహీనతగా చదువరికి అందుతుంది.